నారా నగరం: పొలాల కింద దాగిన రాజధాని

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం చరిత్ర ముచ్చట్లలో జపాన్ దేశంలోని నారా అనే ఊరి గురించి చెప్పబోతున్నాను. నారా అనగానే మన తెలుగువాళ్ళకి ముందు ఒక ఇంటిపేరు గుర్తొస్తుందని నాకు తెలుసు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఈ ఊరికీ మన కృష్ణాతీరానికీ మాత్రం ఒక పాత చుట్టరికం ఉంది. అది చివర్లో చెబుతాను. అందాకా రేడియో కట్టెయ్యకండి.

జపాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫొటోలు చూస్తే నారాలో రెండే కనిపిస్తాయి. ఒకటి, చేతిలో బిస్కెట్ పట్టుకున్న మనిషి వెంటపడే జింకలు. రెండోది, మహాబుద్ధుడు. క్యోటో నుంచో ఒసాకా నుంచో పొద్దున్నే రైలెక్కడం, గంటలోపు దిగడం, జింకలకి బిస్కెట్లు పెట్టడం, బుద్ధుడికి దణ్ణం పెట్టుకోవడం, భోజనాల వేళకి వెనక్కి రావడం. దాంతో నారా చూసేశామంటారు. నిజానికి వాళ్ళు చూసింది పాత నగరంలో తూర్పు అంచున ఉన్న ఒక మూల మాత్రమే. 710 నుంచి 784 దాకా, మధ్యలో ఒక నాలుగైదేళ్ళు తప్ప, జపాన్‌కి రాజధానిగా ఉన్న అసలు నగరం దానికి పడమటి వైపున ఉంది. దాని పేరు హెయిజో. ఇప్పుడది ఇళ్ళ కిందా, రోడ్ల కిందా, పొలాల కిందా ఉంది.

ఆఫీసు పని మీద 2023లో ఆరు వారాలు ఒసాకాలో ఉన్నాను. నారా వెళదామనుకుంటున్నానంటే అక్కడి సహోద్యోగి ఒకాయన మంచి సలహా ఇచ్చాడు. "నడిస్తే కాళ్ళు పోతాయి, బస్సెక్కితే ఊరి కొలత తెలియదు, గైడ్‌తో పాటు బ్యాటరీ సైకిలు మీద తిరుగు" అన్నాడు. అలా అక్టోబరు చివర్లో ఒక సెలవు రోజున ఆరుగురం, మాకు ముందు ఒక గైడూ, సైకిళ్ళ మీద బయల్దేరాం. గైడ్ గారు బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. ఇంగ్లీషు మెల్లగా, ఆచితూచి మాట్లాడతారు. తేదీలు మాత్రం కాగితం చూడకుండా చెబుతారు.

సైకిలు గురించి రెండు ముక్కలు. తొక్కితే తోడొచ్చే మోటారు సైకిళ్ళని మొట్టమొదట మార్కెట్లోకి తెచ్చింది జపాన్ వాళ్ళే, 1993లో యమహా కంపెనీ. మన స్కూటర్‌లా చెయ్యి తిప్పితే పరిగెత్తదు. మనం తొక్కితేనే అది సాయం పడుతుంది. మెల్లగా వెళ్ళేటప్పుడు మన బలానికి రెండింతల దాకా కలుపుతుంది. వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గుతూ, గంటకి 24 కిలోమీటర్లు వచ్చేసరికి పూర్తిగా ఆగిపోతుంది. చట్టమే అలా ఉంది. వాహనాలు ఎడమ పక్కనే పోతాయి కనక, ఇక్కడి బ్రిటన్ అలవాటున్న నాకు తడబాటు లేకపోయింది.

ముందు ఊరి నక్షా చెప్పుకుందాం. 710లో గెమ్మెయ్ అనే రాణి తన రాజధానిని దక్షిణాన ఉన్న ఫుజివారా నుంచి ఇక్కడికి మార్చింది. చైనాలోని చాంగాన్ నగరాన్ని నమూనాగా తీసుకుని, గళ్ళ కాగితం మీద గీసినట్టు ఊరు వేశారు. తూర్పు పడమరలుగా నాలుగు కిలోమీటర్ల పైన, ఉత్తర దక్షిణాలుగా ఐదు కిలోమీటర్లకి కొంచెం తక్కువ. ఉత్తరం కొసన నడిమధ్య రాజభవనం. దాని దక్షిణ ద్వారం నుంచి ఊరి చివరిదాకా సుజాకు అనే రాజవీధి. దాని వెడల్పు 74 మీటర్లు. ఇప్పటి లెక్కలో ఇరవై లేన్ల రోడ్డన్నమాట. ఈ గళ్ళ నగరానికి తూర్పు పక్కన కొండల దాకా ఒక అదనపు ముక్క ఉండేది. పెద్ద గుళ్ళు కొన్ని ఆ వైపున వెలిశాయి. 784లో రాజధాని నాగవోకాకీ, అక్కణ్ణుంచి 794లో ఇప్పటి క్యోటోకీ తరలిపోయింది. రాజూ, ఉద్యోగులూ వెళ్ళిపోయారు కానీ గుళ్ళు కదల్లేదు. అందుకే తూర్పు ముక్క గుడి ఊరుగా బతికి, ఇవాళ్టి నారా పట్టణమైంది. రాజభవనం ఉన్న భాగం కొద్ది కాలంలోనే వరిపొలమైపోయింది.

ఇక్కడ ఈ విషయం గుర్తుపెట్టుకోండి. తర్వాత మనం చెప్పుకోబోయేదంతా ఆ వరిపొలం చుట్టూ తిరుగుతుంది.

మా ప్రయాణం తూర్పునే మొదలైంది. పార్కులో జింకల మధ్య సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ వెళ్ళాం. వెయ్యికి పైగా ఉంటాయట. కసుగా దేవాలయానికి దైవదూతలని వాటిని కాపాడుతూ వచ్చారు. 1957 నుంచి ప్రభుత్వ రక్షణ కూడా ఉంది. అక్కణ్ణుంచి తోదాయ్‌జి ఆలయం. అందులోనే మహాబుద్ధుడు. ఎత్తు దాదాపు 15 మీటర్లు, పోతపోసిన కంచు.

ఈ విగ్రహం సంపన్న కాలంలో, సరదాకి కట్టింది కాదు. 735 నుంచి 737 దాకా జపాన్‌ని మశూచి ఊపేసింది. దేశంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా జనం పోయారని చరిత్రకారుల అంచనా. ప్రభుత్వాన్ని నడుపుతున్న ఫుజివారా అన్నదమ్ములు నలుగురూ 737లో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 740లో తిరుగుబాటు. షోము చక్రవర్తి బెదిరిపోయి రాజధానిని వదిలి నాలుగైదేళ్ళు ఊరూరా తిరిగాడు. ఆ తిరుగుళ్ళ మధ్యే 743లో మహాబుద్ధుడి నిర్మాణానికి ఆజ్ఞ ఇచ్చాడు. గడ్డిపరక తెచ్చేవాణ్ణీ, గుప్పెడు మట్టి తెచ్చేవాణ్ణీ కూడా కాదనకండని అందులో చెప్పించాడు. జనాన్ని కూడగట్టే పని గ్యోకి అనే సన్యాసికి అప్పగించాడు. ఆ గ్యోకిని 717లో ఇదే ప్రభుత్వం అనుమతి లేకుండా జనానికి బోధిస్తున్నాడని తప్పుపట్టింది. వంతెనలు కట్టించి, చెరువులు తవ్వించి జనం మనసులో కూర్చున్న మనిషి. అవసరం వచ్చేసరికి ఆయన కావలసి వచ్చాడు.

752లో విగ్రహానికి కళ్ళు తెరిచే వేడుక జరిగింది. మన గుళ్ళలో కొత్త విగ్రహానికి నేత్రోన్మీలనం చేస్తాం చూడండి, అలాంటిదే. కుంచె పట్టి కళ్ళు దిద్దినది ఎవరో తెలుసా? భారతదేశం నుంచి వచ్చిన బోధిసేనుడు. 736లో, చైనా మీదుగా, ఇప్పటి వియత్నాం ప్రాంతపు చంపా రాజ్యం నుంచి వచ్చిన ఒక సన్యాసితోనూ మరో చైనా సన్యాసితోనూ కలిసి ఓడ దిగాడు. రేవుకి ఎదురెళ్ళి స్వాగతం చెప్పింది పైన చెప్పుకున్న గ్యోకి. జపాన్ రికార్డులు బోధిసేనుణ్ణి దక్షిణ భారతపు బ్రాహ్మణుడంటాయి. ఆయన తెలుగువాడే అని మీకు చెప్పాలని నాకు నోరూరుతోంది కానీ, రికార్డులు అంత దూరం పోవు. కాబట్టి మనమూ పోకూడదు. ఆ రోజు ఆయన చేతిలోని కుంచెకి దాదాపు రెండువందల మీటర్ల నీలి పట్టుతాడు కట్టారు. కింద నిలబడ్డవాళ్ళు ఆ తాడు పట్టుకున్నారు, అందరూ కలిసి కళ్ళు తెరిచినట్టు. ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు. 760లో ఇక్కడే పోయాడు.

ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ ఉన్నాయి. ఆలయం వెనకే షోసోయిన్ అనే కొయ్య భాండాగారం ఉంది. నేలకి ఎత్తుగా, లావుపాటి స్తంభాల మీద, దుంగలు పేర్చి కట్టిన గది. షోము చక్రవర్తి 756లో పోతే, ఆయన భార్య కోమ్యో భర్త వస్తువులని చూస్తూ భరించలేక బుద్ధుడికి సమర్పించేసింది. అలా మొదలై ఇప్పుడు దాదాపు తొమ్మిది వేల వస్తువులున్నాయి. వాటిలో ఎర్రచందనం జాతి కర్రతో చేసిన ఐదు తీగల వీణ ఒకటుంది. భారతదేశపు వంశానికి చెందిన వాయిద్యమని అంటారు. పాతకాలపు ఐదు తీగల వీణల్లో ప్రపంచంలో మిగిలింది అదొక్కటే. దాని మీద ఒంటె ఎక్కి వాయించుకుంటూ పోయే మనిషి బొమ్మ ఉంటుంది. మందుల జాబితాలో మిరియాలు కూడా ఉన్నాయి. ఇవేవీ భూమిలో తవ్వితే దొరికినవి కావు. పన్నెండు వందల ఏళ్ళ పైగా తరం తర్వాత తరం తాళం వేసి, తీసి, ఎండకి పెట్టి, లెక్క చూసి కాపాడుకొచ్చినవి.

మహాబుద్ధుడి మందిరం మాత్రం రెండుసార్లు యుద్ధాల్లో కాలింది. 1180లో ఒకసారి, 1567లో ఒకసారి. మొదటిసారి కాలాక చోగెన్ అనే సన్యాసి అరవై ఏళ్ళు దాటిన వయసులో చందాలకి బయల్దేరాడు. 1185లో విగ్రహానికి మళ్ళీ కళ్ళు తెరిచినప్పుడు, భాండాగారంలోంచి తీసి వాడింది బోధిసేనుడి కుంచెనే. రెండోసారి కాలాక నూట నలభై ఏళ్ళకి గానీ అసలైన మందిరం మళ్ళీ లేవలేదు. మధ్యలో వేసిన తాత్కాలిక కప్పు గాలివానకి పోయి, బుద్ధుడు చాలాకాలం ఎండకీ వానకీ కూర్చున్నాడు. ఇప్పుడున్నది 1709 నాటిది. పాతదానికంటే వెడల్పు మూడో వంతు తక్కువ, అయినా లోపల అడుగుపెడితే నోట మాట రాదు.

ఇక్కడి దాకా అందరూ వచ్చేదే. టూరిస్టు బస్సులు ఇక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతాయి. మేం తోదాయ్‌జి పడమటి ద్వారం దగ్గర సైకిళ్ళెక్కాం. రెండు మంటల్నీ తట్టుకుని ఎనిమిదో శతాబ్దం నుంచి నిలబడ్డ ద్వారం అది. దాని ఎదుట నుంచి ఒక సన్నని రోడ్డు తిన్నగా పడమటికి పోతుంది. పక్కన మందుల షాపు, స్కూలు, ఎవరో ఆరేసిన దుప్పట్లు. అతి మామూలు వీధి. గైడ్ గారు ఆపి చెప్పారు: "మీరు తొక్కుతున్నది పాత రాజధాని ఒకటో వీధి." అంతే, ఆ మామూలు వీధి మారిపోయింది. మూడో వీధి కూడా ఉంది. స్టేషన్ ముందు షాపులతో కిటకిటలాడే బజారు అదే. పేరు ఇప్పటికీ మూడో వీధే. గళ్ళ నగరం నేలలో కలిసిపోయినా గీతలు చెరగలేదు.

నాలుగు కిలోమీటర్లు తొక్కాక ఇళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయి, ఎదుట ఒక మైదానం. కనుచూపు మేర గడ్డి, రెల్లు. నూట ఇరవై హెక్టార్లకి పైనే, అంటే దాదాపు మూడు వందల ఎకరాలు. చుట్టూ పట్టణం. మధ్యలో ఏమీ లేదు. ఇదే హెయిజో రాజభవనం ఉన్న చోటు. దక్షిణాన 1998లో పాత పద్ధతిలో తిరిగి కట్టిన సుజాకు ద్వారం, ఉత్తరాన 2010లో కట్టిన కొలువు మందిరం దూరదూరంగా నిలబడి ఉన్నాయి. ఆ రెంటికీ నడుమ గడ్డిలోంచి ఒక రైలు గణగణలాడుతూ పోయింది. 1914లో వేసిన లైను. నడిచి వచ్చినవాళ్ళకి ఈ మైదానం విసుగనిపిస్తుందేమో. సైకిలు మీద ఒక ద్వారం నుంచి ఇంకో మందిరానికి తొక్కుతుంటే మాత్రం, కొలువుకి వచ్చే చిన్న ఉద్యోగికి ఆ దూరం ఎంత భయం పుట్టించి ఉంటుందో తెలుస్తుంది.

జపాన్‌లో భూమి ఎంత ఖరీదో మీకు తెలుసు. అలాంటి చోట, రైలు స్టేషన్ పక్కన, మూడు వందల ఎకరాలు ఎలా ఖాళీగా మిగిలాయి? నాకు ఈ రోజు చెప్పాలనిపించిన కథ ఇదే.

పొలమైపోయిన రాజధానిని మొదట వెతికినవాడు కితావురా సదమాసా. చిన్న ఉద్యోగి. పొలం గట్లు మరీ తిన్నగా, సమానమైన ఎడంతో ఉన్నాయేమిటా అని అనుమానం వచ్చింది. దూరం కొలవడానికి ఒక చక్రం తానే చేసుకుని, గట్ల వెంట దొర్లించుకుంటూ ఊరంతా కొలిచాడు. 1852లో పాత రాజధాని నక్షా గీశాడు. చక్రం మీద ఈ ఊరు చూసినవాళ్ళలో మాకంటే నూట డెబ్భై ఏళ్ళు పెద్ద. తర్వాత 1899లో సెకినో తదాషి అనే వాస్తు చరిత్రకారుడు ఇక్కడి పొలాల్లో గడ్డి మొలిచిన ఒక దిబ్బ చూశాడు. రైతులు దాన్ని 'దాయ్‌కొకు గడ్డి' అనేవారు. దాయ్‌కొకు వాళ్ళ ఐశ్వర్య దేవుడు, మన మహాకాలుడే అక్కడ ఆ రూపం ఎత్తాడు. రాజుగారి కొలువు మందిరం పేరు దాయ్‌గొకు. వెయ్యేళ్ళలో జనం నోట్లో నలిగి, అర్థం మారిపోయి, శబ్దం మాత్రం మిగిలింది. ఆ దిబ్బే కొలువు మందిరపు అరుగని సెకినో పోల్చాడు.

కనిపెట్టడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు. ఆ పని నెత్తికెత్తుకున్నవాడు తనదా కజూరో, నారాలో మొక్కలు అమ్ముకుని బతికే మనిషి. ఊరికి వచ్చినవాళ్ళు పాత రాజభవనం ఎక్కడని అడుగుతుంటే, పశువులు తిరిగే ఆ దిబ్బని చూపించడం ఆయనకి సిగ్గనిపించింది. పండితుడు కాదు, డబ్బున్నవాడూ కాదు. సొంత ఖర్చులతో పెద్దల ఇళ్ళ చుట్టూ తిరిగాడు, టోక్యో దాకా వెళ్ళి గుమ్మాలు తట్టాడు. చందాలతో కొంత భూమి కొనే దాకా పని తీసుకొచ్చాడు. సొంత సంసారం చితికింది, చూపు కూడా పోతూ వచ్చింది. చివరికి భూమి వ్యవహారంలో వచ్చిన చిక్కులకి తానే బాధ్యుణ్ణనుకుని 1921లో ప్రాణం తీసుకున్నాడు. మరుసటి ఏడు, 1922లో, ప్రభుత్వం ఆ చోటుని చారిత్రక స్థలంగా ప్రకటించింది. ఇప్పుడు సుజాకు ద్వారం దగ్గర ఆయన విగ్రహం ఉంది, చెయ్యి చాచి కొలువు మందిరం వైపు చూపిస్తూ. గైడ్ గారు అక్కడ టోపీ తీసి ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే మాట్లాడారు.

కథ అక్కడితో అయిపోలేదు. 1960ల మొదట్లో ఈ ఆవరణలో పడమటి భాగాన రైలు పెట్టెల షెడ్డు కట్టాలని ప్రయత్నం జరిగింది. దేశమంతటా జనం అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి భూమి కొనడం మొదలుపెట్టింది. తర్వాత తూర్పు పక్కన బైపాస్ రోడ్డు వెయ్యబోతే, రాజభవనం ఆ వైపుకి ఇంకా ఉందని తవ్వకాల్లో బయటపడింది. రోడ్డునే పక్కకి జరిపారు. అక్కడే 1967లో ఒక తోట, కొలను దొరికాయి. 1998లో యునెస్కో వారు నారా గుళ్ళతో పాటు ఈ ఖాళీ మైదానాన్ని కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇంత కాపాడితే ఏం దక్కిందంటారా? నా వృత్తివాళ్ళకి బాగా నచ్చే జవాబొకటి ఉంది. 1961లో ఇక్కడ సన్నని చెక్క పట్టీలు దొరకడం మొదలైంది. మొక్కాన్ అంటారు. కాగితం ఖరీదైన కాలం కనక, రోజువారీ లెక్కలు చెక్క మీద సిరాతో రాసేవారు. ఏ ఊరి నుంచి ఉప్పు వచ్చింది, ఏ ఊరి నుంచి ఎండుచేపలు, సముద్రపు నాచు వచ్చాయి అని పన్ను చీటీలు. ఫలానా ఉద్యోగి వయసెంత, ఏడాదిలో ఎన్ని రోజులు పనికి వచ్చాడు, పనితనం ఎలా ఉంది అని ఉద్యోగుల చీటీలు. ఆ చీటీలకి పక్కగా చిల్లు ఉంటుంది. అందరి చీటీలూ వరసలో పెట్టి, దారం గుచ్చి, కావలసినట్టు మళ్ళీ మళ్ళీ పేర్చుకునేవారు. మేం కంప్యూటర్లో చేసే సార్టింగ్ అదే కదా! మరుసటి ఏడాది చాకుతో పైపొర చెక్కేసి కొత్త వివరం రాసేవారు. తమాషా ఏమిటంటే, ఆ చెక్కి పారేసిన పొట్టు తడినేలలో కుళ్ళకుండా మిగిలి, డిలీట్ చేసిన సమాచారమే మనకి చేరింది. వరిపొలాల నీళ్ళ చలవ అది. ఇదే నేల మీద పెద్ద భవనాలు లేచి, పునాదులకి నీళ్ళు తోడేసి ఉంటే ఇవేవీ మిగిలేవి కావు.

కాపాడలేకపోయిన చోటు కథ కూడా వినండి. మైదానానికి తూర్పు దక్షిణంగా, రోడ్డు పక్కన ఒక పెద్ద షాపింగ్ భవనం దగ్గర గైడ్ గారు ఆపారు. 1980ల చివర్లో అక్కడ ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు కట్టడానికి ముందు తవ్వితే గొప్ప ఇంటి పునాదులు బయటపడ్డాయి. నాగయా అనే రాజకుమారుడి ఇల్లు. 729లో రాజద్రోహం మోపితే భార్యాపిల్లలతో సహా ప్రాణాలు తీసుకున్నవాడు. ఆ ఇంటివని తేలిన చెక్క చీటీలు ముప్ఫై ఐదు వేలు. ఆ వంటింటికి ఏం వచ్చేదో, వేసవిలో ఐసు ఎక్కణ్ణుంచి తెచ్చేవారో, పాలు ఎవరు తెచ్చేవారో, పెంపుడు కుక్కలకి ఎంత బియ్యం పెట్టేవారో అన్నీ ఉన్నాయి. కాపాడమని పండితులు మొత్తుకున్నారు. అయినా భవనం లేచింది. 1989లో తెరిచిన ఆ స్టోరు 2000లో మూతపడింది. నాగయా శాపం తగిలిందని ఊళ్ళో వాళ్ళు చెప్పుకున్నారట. శాపాల సంగతి నాకు తెలియదు గానీ, పన్నెండు వందల ఏళ్ళు నేలలో మిగిలిన ఇంటి పునాదుల మీద లేచిన దుకాణం పన్నెండేళ్ళు కూడా నడవలేదన్నది మాత్రం నిజం.

అక్కణ్ణుంచి పడమటికి తిరిగి, అకిషినో నది గట్టు వెంట దక్షిణంగా తోషోదాయ్‌జి ఆలయానికి వెళ్ళాం. ఐదుసార్లు ప్రయత్నం బెడిసి, చూపు పోగొట్టుకుని, ఆరోసారి సముద్రం దాటి వచ్చిన గంజిన్ అనే చైనా గురువు 759లో స్థాపించినది. అందులో ఉపన్యాస మందిరం ఉంది. ఒకప్పుడు రాజభవనంలో ఉద్యోగులు కొలువుకి ముందు వచ్చి కూర్చునే భవనమది. విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. అంతటి రాజభవనంలో మిగిలిన ఒకే ఒక్క కట్టడం అదే, అదీ గుడికి దానమివ్వబట్టి. అల్లంత దూరంలో యకుషిజి ఆలయపు తూర్పు గోపురం, 730 నాటిది, చెట్ల పైనుంచి కనిపిస్తుంది.

ఇప్పుడు మన చుట్టరికం సంగతి. నారా మహాబుద్ధుడు వైరోచనుడు. ఆయన అవతంసక సూత్రం అనే గ్రంథానికి నాయకుడు. బోధిసేనుడు నిత్యం పారాయణ చేసేదీ ఆ గ్రంథమే. దాని చివరి భాగం పేరు గండవ్యూహం. అందులో సుధనుడనే వర్తకుడి కొడుకు జ్ఞానం వెతుక్కుంటూ గురువు తర్వాత గురువు దగ్గరకి తిరుగుతాడు. గురువుల్లో సన్యాసులే కాదు, వైద్యుడూ, సుగంధ ద్రవ్యాల వ్యాపారీ, ఓడ నడిపేవాడూ, చిన్నపిల్లలూ, వేశ్యా కూడా ఉంటారు. తోదాయ్‌జిలో సుధనుడి యాత్ర బొమ్మల చుట్ట ఒకటి జాతీయ నిధిగా ఉంది. జపాన్ వాళ్ళు ఆ అబ్బాయిని జెన్‌జాయ్ అంటారు. అతని యాత్ర మొదలయ్యే ఊరు దక్షిణాదిన ధాన్యాకరం. ఊరి పక్కన పెద్ద చైత్యం. అది మన ధాన్యకటకమే, అంటే అమరావతి పక్కనున్న ధరణికోటే అని చాలామంది పండితులు గుర్తిస్తారు.

ఈ సంగతి తెలిశాక నాకు ఆ మైదానమూ, అమరావతి దిబ్బా పక్కపక్కనే కనిపించడం మొదలుపెట్టాయి. అమరావతి స్తూపాన్ని మరిచిపోయిన జనం దాన్ని దీపాలదిన్నె అనేవారు. అక్కడ 'దాయ్‌కొకు గడ్డి', ఇక్కడ దీపాలదిన్నె. అక్కడా ఇక్కడా పేరే సాక్ష్యం. కానీ తర్వాత జరిగింది వేరు. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తూ ఆ దిబ్బ రాళ్ళూ ఇటుకలూ వాడించారు. ఆ కబురు విని కల్నల్ మెకంజీ వెళ్ళి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. ఆయన బృందం గీసిన బొమ్మలు ఇప్పుడు ఇక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు ముందు మద్రాసుకీ, చాలాభాగం 1859లో లండన్‌కీ వచ్చాయి. మిగతావి చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ఇక నాగార్జునకొండ. 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వి, కొన్ని కట్టడాలని కొండ మీదకీ అనుపుకీ తరలించి, లోయని సాగర్ నీళ్ళకి వదిలేశారు. ఆ నీళ్ళు లక్షల ఎకరాలు తడిపాయి. ఆ అన్నం తిన్న ఇంట్లోనే నేనూ పుట్టాను కనక తప్పని అనలేను. కానీ పోయింది ఏమిటో లెక్క రాసుకోవాలి కదా.

నారాలో కూడా అన్నీ మిగల్లేదు. మంటలు, యుద్ధాలు, స్టోర్లు అన్నీ వచ్చాయి. మిగిలినది మాత్రం రాజుల గొప్పతనం వల్ల మిగల్లేదు. రాజులు ఆ ఊరు వదిలేసి పోయారు. పొలం గట్లు కొలిచిన చిన్న ఉద్యోగి, పాత పేరు మరిచిపోని రైతులు, మొక్కలు అమ్ముకునే తనదా కజూరో, షెడ్డు వద్దన్న పౌరులు. వీళ్ళ వల్ల మిగిలింది. మనకీ అలాంటివాళ్ళు లేకపోలేదు. మెకంజీ వెంట ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించిన కావలి సోదరులు ఏలూరు వైపు వాళ్ళు. వాళ్ళ శ్రమ లేకపోతే మన ఊళ్ళ చరిత్ర సగం తెలిసేది కాదు.

శ్రోతలలో ఎవరైనా జపాన్ వెళ్ళే పని ఉంటే, నారాకి ఒక రోజు పూర్తిగా కేటాయించండి. జింకల దగ్గర ఆగిపోకుండా బ్యాటరీ సైకిలు తీసుకుని పడమటికి పొండి. మోకాళ్ళ నొప్పులున్న మా బృందంలోని డెబ్భై ఏళ్ళావిడ కూడా హాయిగా తొక్కారు. జపాన్ దాకా వెళ్ళలేకపోతే, మన లండన్‌లోనే బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గది ఉంది. ప్రవేశ రుసుము లేదు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి ఆ సున్నపురాతి పలకల ముందు నిలబెట్టి, ఇవి ఏ ఊరివో, ఆ దిబ్బని మనవాళ్ళు ఏమని పిలిచేవారో చెప్పండి. దీపాలదిన్నె అనే మాట వాళ్ళ చేత ఒకసారి పలికించండి.

సెలవు. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. నమస్కారం.